పిల్లి నోట్లో మాత్ర వేసేదెవరు?

(మా గ్రామీణ విలేఖరి)

పిల్లి మెడలో గంట కట్టేదెవరని ఎలుకలన్నీ సభ తీర్చి తలలు పట్టుకున్నాయని చిన్నప్పుడు చదువుకున్నాం. పిల్లి నోట్లో మాత్ర వేసేదెవరని మొన్న వేసవిలో మా ఇంట్లో మూడు రోజులపాటు పంచాయితీ నడిచింది. ఎద్దుకు గొట్టంతో మందు పోసిన చేతులు మావి. మొండి గేదె చేత కూడా కషాయం తాగించిన ఇల్లు మాది. అలాంటిది, మూడు కిలోల బరువు లేని పిల్లి ముందు ఇంటిల్లిపాదీ ఓడిపోయాం.

వినేవారికి నవ్వులాటగా ఉండవచ్చు. కాని అంతకు ముందు ఏడు మా ఇంట్లోనే ఒక పిల్లి మందు వికటించి చచ్చిపోయింది. ఆ మందు వేసింది మరెవరో కాదు, నేనే. ఈ నాలుగు ముక్కలు రాయడానికి అదే కారణం.

మా దివిసీమ పల్లెల్లో పిల్లిని ముద్దు కోసం పెంచేవారు తక్కువ. దానికి ఇంట్లో ఒక ఉద్యోగం ఉంది. పురులు, గాదెలు పోయాయి. కోత మిషన్లు వచ్చాక ధాన్యం చాలావరకు కళ్లం నుంచే లారీ ఎక్కుతోంది. అయినా ఏడాది తిండి గింజలు, విత్తనానికి దాచిన మినుములు ఇంట్లోనే ఉంటాయి కదా. డెబ్బై అయిదు కిలోల బస్తాకు అడుగున ఒక్క కన్నం పడితే, తిన్నది కొంత, పారబోసింది కొంత, పెంట చేసింది ఇంకొంత. ఎలుకల వెంట పాములు వస్తాయి. ఎలుక మూత్రం కలిసిన నీళ్లలో తిరిగినవారికి ఎలుక జ్వరం వస్తుంది. పిల్లి ఒక్కటి ఇంట్లో తిరుగుతుంటే వీటిలో సగం బెడద తగ్గుతుంది. పందికొక్కుల సంగతి వేరు. ఎదిగిన పందికొక్కును చూస్తే మా పిల్లే పక్కకు తప్పుకుంటుంది. ఇంగ్లీషువాళ్లు బాండికూట్ అనే మాటను మన పందికొక్కు నుంచే పట్టుకుపోయారు. మన దగ్గర నుంచి ఆ పేరుతోపాటు ఆ జంతువులను కూడా కాసిని పట్టుకుపోయి ఉంటే బాగుండేది.

అర మాత్ర చేసిన పని

మొదటి పిల్లి సంగతి చెబుతాను. ఒకరోజు అది అన్నం ముట్టకుండా మంచం కింద ముడుచుకుని పడుకుంది. చెవి పట్టుకుని చూస్తే వేడిగా తగిలింది. ఒళ్లు కాలిపోతోంది, జ్వరం అనుకున్నాను. ఇంట్లో పిల్లలకు వేసే పారాసిటమాల్ మాత్ర ఉంది. చిన్న ప్రాణి కదా అని సగానికి విరిచి, ఎలాగో గొంతులోకి తోశాను. మంచి పని చేశాననుకున్నాను కూడా.

సాయంత్రానికి దాని ముఖం ఉబ్బింది. ఊపిరి ఎగబీల్చసాగింది. నోరు తెరిచి చూస్తే, ఎర్రగా ఉండవలసిన చిగుళ్లు బురద రంగుకు తిరిగాయి. పొద్దున్నే పశువుల ఆసుపత్రికి తీసుకువెళదామనుకున్నాం. తెల్లవారేసరికి ఏమీ మిగల్లేదు.

తరువాత పశువైద్యులను అడిగితే తెలిసింది. మనిషి ఒంటి వేడి 98.6 డిగ్రీలయితే, పిల్లికి నూటొకటి, నూటరెండు డిగ్రీల వరకు ఉండడం మామూలే. అంటే ఆరోగ్యంగా ఉన్న పిల్లి కూడా మన చేతికి వెచ్చగానే తగులుతుంది. చేత్తో చూసి జ్వరమని చెప్పడం కుదరదు. ఇక మాత్ర సంగతి. పారాసిటమాల్‌ను విరగగొట్టి బయటకు పంపే శక్తి మన కాలేయానికి ఉంది, పిల్లి కాలేయానికి దాదాపు లేదు. అది ఒంట్లో విషంగా మారి రక్తాన్ని పాడు చేస్తుంది. ఆ రక్తం ప్రాణవాయువును మోయలేదు. చిగుళ్లు గోధుమ రంగుకు తిరగడం అందువల్లే. అయిదువందల మిల్లీగ్రాముల మాత్రలో సగం పిల్లి ప్రాణం తీయడానికి చాలు. తెలియక వేసినా, వెంటనే తీసుకువెళితే విరుగుడు మందుతో ప్రయత్నించవచ్చు. తెల్లవారేదాకా ఆగడమే నేను చేసిన రెండో తప్పు.

ఒళ్లు నొప్పులకు మనం వేసుకునే మిగతా మాత్రలూ అంతే. ఆస్పిరిన్, బ్రూఫెన్ వంటివి కూడా సొంతంగా వేయకూడదు. మనిషికి పనిచేసింది, గేదెకు పనిచేసింది, పిల్లికి కొంచెం తగ్గించి వేస్తే సరిపోతుందనే లెక్క ఇక్కడ చెల్లదు.

మూడు రోజుల తంటా

ఇప్పుడున్నది చారల పిల్లి. మొన్న వేసవిలో ఊళ్లోని ఒక గండుపిల్లితో కొట్లాడి తోక మొదట్లో కాటు తిని వచ్చింది. పైకి చూస్తే రెండు చిన్న గాట్లు. నాలుగు రోజుల్లో అక్కడ నిమ్మకాయంత గడ్డ లేచింది. పిల్లి పన్ను సూదిలా దిగుతుంది, పైచర్మం త్వరగా మూసుకుపోతుంది, లోపల చీము పడుతుంది. ఈసారి ఆలస్యం చేయకుండా గంపలో పెట్టి, పైన గుడ్డ కట్టి, సైకిలు మీద ఆసుపత్రికి తీసుకువెళ్లాను. డాక్టరు గారు చీము తీసి కడిగి, ఇంజక్షను చేసి, ఏడు రోజులకు మాత్రలిచ్చారు. పొద్దున అర, సాయంత్రం అర. మొదటి అర మాత్ర ఆయనే వేసి చూపించారు. ఆయన చేతుల్లో చూస్తే, కిళ్లీలో వక్క వేసినంత తేలిక.

ఇంటికి వచ్చాక అసలు కథ మొదలైంది. సాయంత్రం మాత్ర నూరి పాలలో కలిపి పెట్టాం. పిల్లి వచ్చింది, వాసన చూసింది, ఒక్కసారి నాలుక పెట్టింది, ముఖం చిట్లించి వెళ్లిపోయింది. మర్నాడు మందు కలపని మంచి పాలు పోసినా దగ్గరకు రాలేదు. తెనాలి రామలింగడు మొదటి రోజే సలసల కాగే పాలు పెడితే, ఆ పిల్లి జన్మలో పాలు ముట్టలేదని కథ చెబుతారు. ఆయన కావాలని చేశాడు, మేం తెలియక చేశాం. ఫలితం మాత్రం ఒకటే.

పక్కింటి పెద్దమ్మ బెల్లంలో పెట్టమంది. పిల్లలకు చేదు మందు అలాగే కదా వేస్తాం. ఆ ముద్దను పిల్లి చూడనైనా చూడలేదు. పిల్లి నాలుకకు తీపి తెలియదట. తీపిని పసిగట్టే ఏర్పాటు పిల్లి జాతికే చెడిపోయి ఉందని 2005లో శాస్త్రజ్ఞులు బయటపెట్టారు. పాలు, పెరుగన్నం ఇష్టపడేది కొవ్వు కోసమే తప్ప తీపి కోసం కాదు.

తరువాత చేప ముక్కలో పెట్టాం. ముక్కంతా తిని, మాత్రను మాత్రం శుభ్రంగా నాకి పళ్లెంలో వదిలేసింది. తిరిగి డబ్బాలో పెట్టుకునేంత శుభ్రంగా ఉంది.

నెయ్యిలో నూరి ముందుకాలికి పూయమని ఇంకొకరి సలహా. పిల్లి ఒంటికి అంటిన దాన్ని నాకి శుభ్రం చేసుకుంటుంది కాబట్టి ఉపాయం బాగానే ఉందనిపించింది. పూశాం. అది కాలు విదిలించింది. మందు సగం గోడకు, సగం నా లుంగీకి అంటింది. ఎంత లోపలికి పోయిందో లెక్క తెలియని పద్ధతి రోగానికి పనికిరాదు.

రెండు రోజులు కడుపు మాడిస్తే అదే తింటుందని మా అమ్మ అంది. ఆవు దూడ విషయంలో ఏమో గాని, పిల్లి విషయంలో ఈ పని అసలు చేయకూడదని ఫోనులో డాక్టరు గారు గట్టిగా చెప్పారు. పిల్లి రెండు మూడు రోజులు తిండి మానేస్తే ఒంట్లోని కొవ్వంతా కాలేయానికి చేరి, అదే వేరే జబ్బయి కూర్చుంటుందట. ముఖ్యంగా లావు పిల్లులకు.

మూడో రోజు పొద్దున నేను బలవంతాన నోరు తెరిచి మాత్ర పడేశాను. అది నాలుక కొనమీద పడింది. మరుక్షణం నోటి నుంచి సబ్బు నురగలా బుసబుసా నురగ. మా ఇంటావిడ మళ్లీ చంపేశారా అని కేక వేసింది. నాకూ కాళ్లు ఆడలేదు. పావుగంటలో అదే తగ్గింది. చేదు నాలుకకు తగిలితే పిల్లులు అలా చొంగ కారుస్తాయని, విషం కాదని తరువాత తెలిసింది. అంతలో మా కుడిచేతి మీద నాలుగు గీతలు పడ్డాయి.

ఆరు మోతాదులు పడవలసిన చోట, ఆసుపత్రిలో వేసింది తప్ప మిగతావి ఏ మేరకు లోపలికి పోయాయో దేవుడికే తెలియాలి. నాలుగో రోజుకు గడ్డ మళ్లీ ఊరింది. మళ్లీ గంప, మళ్లీ సైకిలు. మళ్లీ చీము తీశారు. ఏడు రోజుల లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు.

ఇద్దరుంటే నిమిషం పని

ఈసారి డాక్టరు గారు వేయడం కాదు, నా చేత వేయించారు. ఆ పద్ధతి రాస్తున్నాను. చదివి ఊరుకోకుండా, వీలైతే ఒకసారి ఎదుట చూసి నేర్చుకోండి.

పిల్లిని వెంటపడి పట్టుకోకూడదు. పరుగు పెట్టించి పట్టుకుంటే అప్పటికే అది యుద్ధానికి సిద్ధంగా ఉంటుంది. మాత్ర విరవడం, సిరంజిలో నీళ్లు పట్టుకోవడం అన్నీ ముందే అయిపోవాలి. దళసరి తువాలు ఒకటి నేల మీద పరిచి, పిల్లిని దాని మీద కూర్చోబెట్టి, పసిబిడ్డను చుట్టినట్టు తల ఒక్కటే బయటకు ఉండేలా చుట్టాలి. నాలుగు కాళ్లూ లోపలే ఉండాలి. మెడ దగ్గర బిగుతుగా ఉండకూడదు. ఒకరు దాన్ని ఒడిలో పట్టుకోవాలి. మా ఇంట్లో ఆ పని మా ఇంటావిడది. వాళ్లిద్దరికీ సఖ్యత ఎక్కువ.

మందు వేసేవారు ఎడమ చేత్తో పైనుంచి తల పట్టుకోవాలి. బొటనవేలు ఒక దవడ ఎముక మీద, చూపుడువేలు రెండోవైపు దవడ ఎముక మీద ఉండాలి. మీసాలు లాగకూడదు. తలను కొంచెం పైకి ఎత్తితే కింది దవడ దానంతట అదే కాస్త జారుతుంది. కుడిచేతి మధ్యవేలితో ముందు పళ్ల మీద మెల్లగా నొక్కితే నోరు తెరుచుకుంటుంది. మాత్రను నాలుక మధ్యలో, ఎంత వెనక్కి వీలైతే అంత వెనక్కి వేయాలి. మొత్తం కిటుకు ఇదే. ముందు పడితే ఉమ్మేస్తుంది, పక్కన పడితే నమిలి నురగ కక్కుతుంది. వెంటనే నోరు మూసి, తల దించి, గొంతు మీద వేలితో కిందికి రాయాలి. నాలుకతో ముక్కు నాకిందంటే మింగినట్టు.

అక్కడితో ఆపకూడదు. పొడి మాత్ర పిల్లి అన్ననాళంలో అంటుకుని పుండు చేసే ప్రమాదం ఉంది. కొన్ని మాత్రలతో ఇది మరీ ఎక్కువ. సూది తీసేసిన సిరంజితో చెంప పక్కనుంచి ఒక చెంచా నీళ్లు, బొట్లు బొట్లుగా, మింగనిస్తూ పోయాలి. గొట్టంతో పోసినట్టు తల ఎత్తి గుమ్మరిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మాత్రకు కొంచెం నెయ్యి రాసినా జారుతుంది. పని అయిన వెంటనే దానికి ఇష్టమైన ఎండు చేప ముక్క ఏదైనా పెట్టాలి. అడగకుండా మాత్రను నూరకూడదు. నూరితే పనిచేయని మాత్రలున్నాయి. అసలు కుదరకపోతే ఇంజక్షనుగా ఇవ్వడానికి వీలుందా అని డాక్టరును అడగడంలో నామోషీ లేదు.

మొదటిసారి మాకు పది నిమిషాలు పట్టింది. మూడో రోజుకు నిమిషం.

చేయి పెట్టకూడని వేళ

పిల్లి ఉన్నట్టుండి ప్రవర్తన మార్చి, కారణం లేకుండా మీదపడుతున్నా, మింగలేక చొంగ కారుస్తున్నా, గొంతు మారినా మందు వేద్దామని నోట్లో వేలు పెట్టవద్దు. పిచ్చికుక్క కాటుతో వచ్చే రేబిస్ పిల్లికీ వస్తుంది, పిల్లి నుంచి మనిషికీ వస్తుంది. దాన్ని ఒక గదిలో పెట్టి తలుపు వేసి పశువైద్యులకు కబురు చేయాలి. పిల్లి కరిచినా, రక్తం వచ్చేలా రక్కినా పావుగంటసేపు సబ్బుతో, ధారగా పోసే నీళ్ల కింద కడిగి, ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. పసుపు, సున్నం, కారం పెట్టి కట్టు కట్టడం వద్దు. నా చేతి గీతలకు నేనూ వెళ్లి టీకా వేయించుకున్నాను. అక్కడి వరుసలో కుక్క బాధితులు నన్ను చూసి నవ్వారు.

ఇంకొక మాట. గేదెల గోమార్లకు కొట్టే మందు మిగిలిందని పిల్లి ఒంటికి రాస్తారు కొందరు. కుక్కల పేలమందూ అలాగే రాస్తారు. వాటిలో కొన్నింటికి పిల్లి వణికి, కొట్టుకుని చస్తుంది. పుండును ఫినాయిలుతో కడగడమూ అంతే. చేలో ఎలుకల మందు పెట్టినప్పుడు చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పాతేయండి. మందు తిన్న ఎలుకను తింటే పిల్లికీ ముప్పే.

మా చారల పిల్లికి ఏడు రోజుల మాత్రలు పూర్తయ్యాయి. గడ్డ మానింది, అక్కడ బొచ్చు కూడా వచ్చింది. బియ్యం బస్తాల మీద పడుకుని రాత్రిళ్లు డ్యూటీ చేస్తోంది. మాత్రల రేకు చప్పుడైతే మాత్రం అటకెక్కి కూర్చుంటుంది. మా అమ్మ బీపీ మాత్ర వేసుకున్నా సరే. పాలు ఇప్పటికీ ముట్టడం లేదు.