బ్రేకు పెడలు ఎందుకు కిందికి దిగుతుంది?

ఇంట్లో కారున్నవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట అనగా మీరు వినే ఉంటారు: "బ్రేకు పడుతోంది కానీ, పెడలు బాగా లోపలికి పోతోంది." చాలామంది వెంటనే హ్యాండ్ బ్రేకు కేబులు బిగించి ఊరుకుంటారు. నేనూ ఒకసారి అదే చేశాను. పెడలు కాస్త పైకి వచ్చినట్టే అనిపించింది. కొన్ని వారాలకు మళ్లీ మొదటికొచ్చింది. అసలు లోపం కేబులులో లేదు, వెనుక చక్రాల లోపల ఉంది.

మన చిన్న కార్లలో చాలావాటికి ముందు డిస్క్ బ్రేకులు, వెనుక డ్రమ్ము బ్రేకులు ఉంటాయి. డ్రమ్ము అంటే చక్రంతోపాటు తిరిగే పోత ఇనుప గిన్నె. దాని లోపల నెలవంక ఆకారంలో రెండు షూలు, వాటిమీద ఘర్షణ పుట్టించే లైనింగు ఉంటాయి. మీరు పెడలు తొక్కగానే మాస్టర్ సిలిండరులోని ద్రవం చక్రం దగ్గరి సిలిండరులో ఉన్న రెండు పిస్టన్లను బయటికి నెడుతుంది. అవి షూలను డ్రమ్ముకు అదుముతాయి. కాలు తీస్తే స్ప్రింగులు షూలను వెనక్కి లాగుతాయి. ఇలా వాడగా వాడగా లైనింగు అరుగుతుంది, షూకూ డ్రమ్ముకూ మధ్య ఖాళీ పెరుగుతుంది.

ఆ ఖాళీ ఎంత ఖరీదైనదో లెక్క వేద్దాం. మాస్టర్ సిలిండరు పిస్టను వైశాల్యం 3 చదరపు సెంటీమీటర్లు, చక్రాల దగ్గరి ఒక్కో పిస్టను వైశాల్యం 2.5 చదరపు సెంటీమీటర్లు అనుకోండి. రెండు వెనుక చక్రాలకు కలిపి నాలుగు పిస్టన్లు. ఒక్కొక్కటి అర మిల్లీమీటరు అదనంగా జరగాలంటే 4 × 2.5 × 0.05 = 0.5 ఘన సెంటీమీటర్ల ద్రవం కావాలి. అందుకు మాస్టర్ పిస్టను దాదాపు 1.7 మిల్లీమీటర్లు జరగాలి. పెడలు తులాదండం నిష్పత్తి 4 అయితే మీ కాలు 7 మిల్లీమీటర్లు ఎక్కువ దిగుతుంది. ఖాళీ ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరిగితే పెడలు 2 సెంటీమీటర్లు ఊరికే పోయినట్టే!

ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మరో చిక్కు ఉంది. 180 మిల్లీమీటర్ల వ్యాసం గల ఇనుప డ్రమ్ము 200 డిగ్రీలు వేడెక్కితే వ్యాసం సుమారు 0.4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంటే డ్రమ్మే షూలకు దూరంగా జరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడే నేల దాకా దిగే పెడలుకు అప్పుడు మిగిలేది ఏమిటి?

అయితే పెడలు దిగిన ప్రతిసారీ కారణం ఇదే కాదు. కారు నిలిపి, వెంటవెంటనే రెండుసార్లు తొక్కి చూడండి. రెండోసారి పెడలు పైనే గట్టిగా నిలిస్తే ఎక్కువగా ఖాళీయే కారణం. షూలు పూర్తిగా వెనక్కి వెళ్లేలోపు మరికొంత ద్రవం చేరుతుంది కనుక అలా నిలుస్తుంది. స్పంజిలా మెత్తగా ఉంటే గొట్టాల్లో గాలి చేరింది. గాలి నొక్కుకుపోతుంది, ద్రవం నొక్కుకుపోదు. కాలు అదిమి ఉంచగా మెల్లగా దిగిపోతుంటే లోపల సీలు కారుతోంది. ఈ రెండింటికీ సర్దుబాటు మందు కాదు, ఆ కారు నడపకూడదు.

ఖాళీయే అయితే పని ఇంట్లో చేయవచ్చు, పని తెలిసిన పెద్దలు పక్కన ఉండాలి. సమతలమైన నేలమీద, బ్రేకులు చల్లారాక మొదలుపెట్టండి. ముందు చక్రాలకు రెండువైపులా రాళ్లు అడ్డం పెట్టండి. హ్యాండ్ బ్రేకు వదలండి. వెనుక చక్రాలతో నడిచే కారైతే న్యూట్రల్‌లో ఉంచితేనే చక్రం చేత్తో తిరుగుతుంది. జాకీతో లేపాక తప్పనిసరిగా స్టాండు పెట్టండి. ఒక్క జాకీని నమ్మి కింద దూరితే ప్రాణం మీదికి వస్తుంది.

చక్రం వెనుక పలకకు ఉన్న చిన్న రబ్బరు బిరడా తీస్తే లోపల పళ్లచక్రం కనిపిస్తుంది. (కొన్ని కార్లలో ఈ రంధ్రం ఉండదు, డ్రమ్ము ఊడదీయాలి. అప్పుడు దుమ్మును నోటితో ఊదవద్దు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. తడిగుడ్డతో తుడవండి.) లైనింగు బాగా పలచబడి ఉంటే షూలు మార్చాల్సిందే. లేకుంటే స్క్రూడ్రైవరుతో పళ్లచక్రాన్ని ఒక్కో పన్ను చొప్పున తిప్పుతూ, కారు చక్రం కదలనంతవరకు బిగించండి. పెడలు రెండు మూడుసార్లు తొక్కితే షూలు డ్రమ్ము మధ్యకు సర్దుకుంటాయి. చక్రం వదులైతే మళ్లీ బిగించండి. తర్వాత కొన్ని పళ్లు వెనక్కి తిప్పండి. చక్రం తేలిగ్గా తిరుగుతూ, ఎక్కడో లీలగా రాసుకునే చప్పుడు వినిపిస్తే చాలు. తనంతట తాను సర్దుకునే బ్రేకుల్లో, వెనక్కి తిప్పేముందు పళ్లచక్రానికి ఆనుకున్న చిన్న మీటను సన్నటి పుల్లతో పక్కకు నెట్టి పట్టుకోవాలి. రెండో చక్రానికీ సరిగ్గా అంతే బిగువు ఉండాలి, లేకపోతే బ్రేకు వేసినప్పుడు కారు పక్కకు లాగుతుంది.

హ్యాండ్ బ్రేకు సంగతి చివర్లోనే చూడాలి. ఆ కేబులూ ఇవే షూలను లాగుతుంది. ముందే దాన్ని బిగిస్తే షూలు తమ విశ్రాంతి స్థానానికి రావు, స్వయంగా సర్దుకునే యంత్రాంగానికి కదిలే చోటు దొరకదు. నా కారులో జరిగింది అదే. షూలు సరిచేశాక చూస్తే, నేను బిగించిన కేబులును తిరిగి వదులు చేయాల్సి వచ్చింది.

ఖాళీ స్థలంలో మెల్లగా నడుపుతూ నాలుగైదుసార్లు బ్రేకు వేసి చూడండి. కొద్ది దూరం నడిపి ఆపాక, చక్రాలను తాకకుండా దగ్గరగా చెయ్యి పెట్టండి. ఒకవైపు సెగ ఎక్కువగా తగిలితే అక్కడ షూ ఇంకా రాసుకుంటోందని అర్థం. ఆ చక్రాన్ని ఒకటి రెండు పళ్లు వదులు చేయండి.