జగ్గయ్యపేట రోబో బెజవాడ చేరేదెలా?

పిల్లలు తయారుచేసిన రోబో పోటీలో మొరాయిస్తే ప్రోగ్రాములో తప్పుందనో, మోటారు కాలిందనో అనుకుంటాం. అసలు తప్పు చాలాసార్లు దారిలోనే జరిగిపోయి ఉంటుంది. ముందురోజు సాయంత్రం తరగతి గదిలో నల్లగీత తప్పకుండా నడిచిన యంత్రమే మర్నాడు బండి దిగేసరికి మారిపోతుంది. చక్రం వదులవుతుంది, సెన్సరు పక్కకు తిరుగుతుంది, ఒక వైరు కనెక్టరులోంచి సగం బయటికొస్తుంది. పోటీ జరిగే ఊళ్లోనే ఉన్న జట్టుకు ఈ బాధ లేదు. ఎనభై కిలోమీటర్ల అవతలి నుంచి వచ్చే జట్టుకే ఉంది. అందుకే రోబోను క్షేమంగా, తక్కువ ఖర్చుతో పోటీకి చేర్చడమెలా అన్నది కూడా రోబోటిక్స్ పాఠమే అని నా నమ్మకం. ఇందులో ఉన్న లెక్కలు, భౌతికశాస్త్రం పోటీలో వాడే వాటికి ఏమాత్రం తీసిపోవు.

కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతాన్నే తీసుకుందాం. 2022 ఏప్రిల్ 4 నుంచి జగ్గయ్యపేట, నందిగామ ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నా, మెట్ట మెట్టే. హైదరాబాద్ నుంచి వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి మీద ముందు చిల్లకల్లు దగ్గర జగ్గయ్యపేట తగులుతుంది. అక్కడికి సుమారు 30 కిలోమీటర్లలో నందిగామ, మరో 20లో కంచికచర్ల, ఇంకో 30 పోతే విజయవాడ. ఇదే రోడ్డు పడమటి కొస పుణె. విద్యార్థుల రోబో పోటీల్లో పేరున్న ఏబీయూ రోబోకాన్ అంతర్జాతీయ పోటీలకు 2008లోనూ 2014లోనూ ఆతిథ్యమిచ్చింది ఆ ఊరే.

ఎంత బరువు మోయాలన్నది పోటీని బట్టి ఉంటుంది. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబుల్లో పిల్లలు చేసే బండ్లు చాలావరకు అట్టపెట్టెలో పట్టేస్తాయి. బడి పిల్లల ఇన్‌స్పైర్ మానక్ ప్రదర్శనలకు వెళ్లే నమూనాలు కొన్ని చేతుల్లో పడతాయి, కొన్ని పట్టవు. రోబోకాన్‌కు వెళ్లే ఇంజనీరింగ్ జట్ల సంగతి వేరు. ఇటీవలి నియమావళుల్లో రోబోల బరువుకు 50 కిలోల పరిమితి ఉంటోంది. అమెరికాలో 1992లో 28 జట్లతో మొదలైన ఫస్ట్ రోబోటిక్స్ పోటీలో రోబో ఒక్కటే యాభై కిలోలు దాటొచ్చు, అందులో వాడే సీలు చేసిన బ్యాటరీ ఒక్కొక్కటి దాదాపు 6 కిలోలు. పక్కపక్క ఊళ్ల జట్లు కలిసి ఒకే ట్రక్కు మాట్లాడుకోవడం అలాంటి పోటీల్లో సహజంగా పుట్టే పద్ధతి. మన మెట్టలో అది ఇంకా తేలిక, ఎందుకంటే ఊళ్లన్నీ ఒకే రోడ్డు మీద వరసగా ఉన్నాయి.

ఎంత తేలికో లెక్క వేసి చూడొచ్చు. ఒక డిపో నుంచి పెట్రోలు బంకులకు ట్యాంకర్లను ఏ దారిన పంపితే తక్కువ తిరుగుడు అవుతుందని 1959లో డాంట్జిగ్, రామ్సర్ అనే ఇద్దరు ఒక పత్రం రాశారు. వాహనాల దారుల లెక్కకు పునాది అదే. 1964లో క్లార్క్, రైట్ ఒక సులువైన సూత్రం చెప్పారు. రెండు ఊళ్లకు విడివిడిగా బండి పెట్టే బదులు కలిపి పెడితే మిగిలే దూరం కావాలా? కేంద్రం నుంచి ఆ రెండు ఊళ్ల దూరాలనూ కూడి, ఊళ్ల మధ్య దూరాన్ని తీసెయ్యండి. విజయవాడ నుంచి జగ్గయ్యపేట 80, నందిగామ 50, రెండింటి మధ్య 30. మిగిలేది 100 కిలోమీటర్లు. రెండు బండ్లు రానుపోను 260 తిరగాల్సింది, ఒక్క బండి 160తో ముగిస్తుంది. అదే రోడ్డుకు తూర్పు కొసనున్న మచిలీపట్నాన్ని జగ్గయ్యపేటతో జత చేసి చూడండి: 80, 70 కూడితే 150, మధ్య దూరమూ 150, మిగిలేది సున్నా. దగ్గరగా ఉండటం కన్నా ఒకే దిక్కున ఉండటం ముఖ్యమని ఈ సూత్రం తేల్చి చెబుతుంది.

తగువు వచ్చేది కిరాయి పంచుకునేటప్పుడు. జగ్గయ్యపేట నుంచి విజయవాడకు రానుపోను బండికి 4,000 రూపాయలు అనుకుందాం, అంటే దారి కిలోమీటరుకు 50. విడివిడిగా అయితే జగ్గయ్యపేటకు 4,000, నందిగామకు 2,500, కంచికచర్లకు 1,500, వెరసి 8,000. ఒకే బండిలో వస్తే మొత్తం 4,000. తలా సమానంగా పంచితే ఒక్కొక్కరికి 1,333 పడుతుంది. కంచికచర్ల జట్టుకు మిగిలేది 167 రూపాయలే, ఆ మాత్రానికి ఇంకొకళ్ల కోసం ఎదురుచూడటం దేనికని వాళ్లు అనుకోవచ్చు. నందిగామ జట్టు మానేస్తే పరిస్థితి మరీ అన్యాయం: సగం సగం అంటే కంచికచర్ల 2,000 కట్టాలి, ఒంటరిగా వెళ్తే అయ్యేదానికన్నా ఎక్కువ. పొత్తు అక్కడే చెడుతుంది.

దీనికి మందు 1953లో లాయిడ్ షాప్లీ ఇచ్చాడు. 2012లో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఉమ్మడి ఖర్చులో ఎవరి వల్ల ఎంత పెరిగిందో చూసి, అన్ని వరసల్లోనూ సగటు తీసి పంచడం ఆయన పద్ధతి. చిన్న విమానాలకూ పెద్ద విమానాలకూ ఒకే రన్‌వే వేసినప్పుడు ఖర్చు పంచడానికి 1973లో ఈ పద్ధతిని వాడి చూపించారు. ఒకే రోడ్డు మీదున్న ఊళ్లకూ అదే లెక్క, అందులో కష్టమేమీ లేదు. రోడ్డును ముక్కలు చేసి, ఏ ముక్క ఎవరు వాడితే దాని ఖర్చు వాళ్లే సమానంగా పంచుకోవాలి. జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా 1,500 జగ్గయ్యపేటదే. నందిగామ నుంచి కంచికచర్ల దాకా 1,000 ఇద్దరిది. అక్కణ్నుంచి విజయవాడకు 1,500 ముగ్గురిది. చివరికి జగ్గయ్యపేటకు 2,500, నందిగామకు 1,000, కంచికచర్లకు 500. ఎవరికీ ఒంటరి ప్రయాణం కన్నా ఎక్కువ పడలేదు, ఎవరూ ఇంకొకళ్ల ముక్కకు డబ్బు కట్టలేదు.

లెక్క సరైనదే. అయినా దూరపు బడి పిల్లలే అందరికన్నా ఎక్కువ కట్టడం నాకు సమ్మతం కాదు. దూరాన పుట్టడం వాళ్ల తప్పు కాదు. ఎవరూ పంచుకోని ఆ మొదటి ముక్క ఖర్చు పోటీ నిర్వాహకులు భరించాలి. ఎంత భరించాలో కూడా పై లెక్కే చూపిస్తోంది.

మూడు జట్లకు టాటా ఏస్ లాంటి చిన్న బండి సరిపోతుంది. దాని వెనక తొట్టి ఏడడుగుల పొడవు, దాదాపు అయిదడుగుల వెడల్పు. 70 సెంటీమీటర్ల చదరపు పెట్టెలు అడుగున ఆరు పడతాయి, అంటే జట్టుకు రెండు. ఇది ముందే తెలిస్తే రోబోను రెండు భాగాలుగా విడదీసేలా గీసుకోవచ్చు. జగ్గయ్యపేట పెట్టెలు ముందు ఎక్కుతాయి కనుక క్యాబిన్ గోడకు ఆనుకుంటాయి, కంచికచర్లవి వెనక తలుపు దగ్గర ఉంటాయి. తిరుగు ప్రయాణంలో ముందు దిగేదీ కంచికచర్లే, కాబట్టి ఏ పెట్టెనూ కదపక్కర్లేదు. పైగా బండిలో ఎక్కువ కుదుపు వెనక చక్రాల ఇరుసు దాటిన భాగంలోనే. అక్కడుండే పెట్టెలు అందరికన్నా తక్కువ దూరం ప్రయాణిస్తాయి. పిల్లలు మాత్రం తొట్టిలో ఎక్కకూడదు, చట్టం కూడా ఒప్పుకోదు. వాళ్లు ఆర్టీసీ బస్సులో రావాలి, క్యాబిన్‌లో పెద్దవాళ్లు ఒకరుంటే చాలు.

కుదుపు సంగతి కొంచెం ఓపికగా చూడాలి. ముప్పావు టన్ను మోసే బండిలో మూడొందల కిలోలే వేస్తే కమాను పట్టీలు సరిగా వంగవు. నిండు లోడుతో మెత్తగా పోయే బండి అరకొర లోడుతో ఎగిరెగిరి పడుతుందని ఏ డ్రైవరైనా చెబుతాడు. ఇలాంటి బండి తొట్టి సెకనుకు సుమారు 3 నుంచి 5 సార్లు పైకీ కిందికీ ఊగుతుంది. టైర్లు, ఇరుసు విడిగా సెకనుకు 10 నుంచి 15 సార్లు అదురుతాయి. రోబో కింద వేసే స్పాంజికీ సొంత ఊపు ఒకటి ఉంటుంది. బరువు పెట్టినప్పుడు అది ఎన్ని సెంటీమీటర్లు దిగిందో కొలిచి, ఆ సంఖ్య వర్గమూలంతో 5ను భాగిస్తే సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో సుమారుగా తెలుస్తుంది. పరుపులాంటి స్పాంజి ఒకటిన్నర సెంటీమీటరు దిగిందంటే దాని ఊపు 4. సరిగ్గా తొట్టి ఊపే! రెండూ ఒకటైతే కుదుపు తగ్గకపోగా పెరుగుతుంది. అర సెంటీమీటరు మాత్రమే దిగే గట్టి ఫోమ్ అయితే ఊపు 7. తొట్టి ఊపుకు అది దొరకదు. 7కు 1.41 రెట్లు, అంటే సుమారు 10 దాటిన అదుర్లను తగ్గిస్తుంది కూడా. మెత్తగా ఉంటే భద్రమనుకోవడం ఇక్కడ నష్టం చేస్తుంది. ఇది మోటు లెక్కే, కానీ స్కేలు ఒక్కటి ఉంటే ఎనిమిదో తరగతి పిల్లలు కూడా వేయగలరు.

రోబోను చక్రాల మీద నిలబెట్టి పంపకూడదు. 1930లలో అమెరికాలో కొత్త కార్లను రైళ్లలో దూరప్రాంతాలకు పంపితే, ఒక్క మైలైనా నడవని ఆ కార్ల చక్రాల బేరింగుల్లో గుంటలు పడి ఉండేవి. తిరగని బేరింగు ఒకేచోట గంటల తరబడి అదరడమే కారణం. చెక్క దిమ్మెల మీద రోబో చట్రాన్ని ఆన్చి, చక్రాలు గాల్లో ఉండేలా చేస్తే ఈ బాధ తప్పుతుంది, మోటారు గేర్ల పళ్లూ బతుకుతాయి. నట్ల సంగతీ ఇలాంటిదే. బోల్టును నిలువుగా లాగే అదురు కన్నా, బిగించిన రెండు రేకులను అడ్డంగా జరిపే అదురే నట్టును విప్పుతుందని 1969లో జర్మన్ ఇంజనీరు యుంకర్ నిరూపించాడు. మామూలు స్ప్రింగు వాషరు దీన్ని పెద్దగా ఆపలేదు. లోపల నైలాన్ రింగు ఉండే నట్లు వాడాలి. బిగించాక నట్టు మీదుగా రేకు మీదికి పెయింటుతో ఒక గీత గీస్తే, దిగాక గీత విరిగిన నట్టును చూపుతోనే పట్టుకోవచ్చు.

ఇక కట్లు. సడన్ బ్రేకు పడితే సరుకు తన బరువులో 0.8 వంతు బలంతో ముందుకు, మలుపులో 0.5 వంతు బలంతో పక్కకు పోతుందని లెక్కవేసి కట్టాలన్నది ఐరోపా ప్రమాణం. 40 కిలోల పెట్టె అయితే 32 కిలోల బరువుతో సమానమైన బలం ముందుకు నెడుతుంది. నున్నటి రేకు మీద ప్లైవుడ్ పెట్టె రాపిడి సుమారు 12 కిలోలు ఆపుతుంది, మిగతా 20 తాడే ఆపాలి. కింద రబ్బరు షీటు పరిస్తే రాపిడే 24 దాకా ఆపుతుంది. బెల్టు నిలువుగా కిందికి దిగితే దాని బిగువంతా పెట్టెను నొక్కుతుంది, తొట్టి అడుగుకు 30 డిగ్రీల వాలులో కడితే సగమే. సిమెంటు లోడ్లకు పేరున్న ఊరు జగ్గయ్యపేట. మోకు ఎలా వేయాలో, టార్పాలిన్ ఏ మూల ముందు లాగాలో తెలిసిన చేతులు అక్కడ ఎన్నో ఉన్నాయి. బడి ల్యాబుకు ఒక లారీ డ్రైవరును పిలిచి ఒక పూట పాఠం చెప్పించుకుంటే ఎంత బాగుంటుందో!

బ్యాటరీలు రోబోలో ఉండగా పంపకూడదు. అగ్రాలకు టేపు వేసి వేరే పెట్టెలో పెట్టాలి. పానా అడ్డంగా పడితే చిన్న సీసపు బ్యాటరీ కూడా వందల ఆంపియర్లు వదులుతుంది. లిథియం పాలిమర్ సెల్లు నిండితే 4.2 వోల్టులు, దాన్ని 3.8 దగ్గర ఉంచి పంపడం మంచిది, నిండా ఛార్జి చేయడం పోటీ చోటనే. ఎండలో తలుపులు మూసిన బండిలో వీటిని వదలకూడదు. విమానంలో వెళ్లే జట్లయితే 100 వాట్ అవర్లు మించని విడి బ్యాటరీలను చేతిసంచిలోనే ఉంచుకోవాలి. గాలి సిలిండరున్న రోబో అయితే గాలంతా వదిలేసి ఎక్కించాలి.

ఇన్ని చేసినా దారి మన చేతిలో ఉండదు. 2023 జులైలో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద ఈ హైవే మీద రాకపోకలు ఆగిపోయాయి. 2024 సెప్టెంబరు మొదట్లో గరికపాడు దగ్గర పాలేరు వంతెన దెబ్బతిని మళ్లీ ఆగాయి. వానాకాలం పోటీకైతే రోబో ఒకరోజు ముందే విజయవాడ చేరాలి. వస్తువు ఆలస్యమైతే ఏమవుతుందో 2017లో వాషింగ్టన్‌లో రోబో పోటీకి వెళ్లిన అఫ్గాన్ అమ్మాయిల జట్టుకు తెలుసు. వాళ్ల విడిభాగాలు కస్టమ్స్‌లో నెలల తరబడి ఆగిపోయాయి, మిగతా దేశాల జట్లకు దొరికిన సమయంలో కొంత భాగంలోనే వాళ్లు రోబో కట్టుకోవాల్సి వచ్చింది. కలిసి వెళ్లే బండిలో ఈ సమయం లెక్క ఇంకా గట్టిగా ఉండాలి. పొద్దున ఆఖరి నిమిషం దాకా జగ్గయ్యపేటలో స్క్రూలు బిగిస్తూ కూర్చుంటే నందిగామ, కంచికచర్ల పిల్లలు రోడ్డు మీద నిలబడతారు. ముందురోజు సాయంత్రం ఒకే వేళకు మూడు ఊళ్లలోనూ పెట్టెలు మూసి, జట్టు పేరు, బరువు, ఏ వైపు పైకుండాలో రాసి, ఫొటో తీసి ఒకరికొకరు పంపుకోవాలి. పైన చెప్పిన ఫస్ట్ రోబోటిక్స్ పోటీలో 2019 దాకా అన్ని జట్లూ ఒకే రోజున రోబోను సంచిలో వేసి సీలు చేయాలన్న నియమం ఉండేది. మూడు బడులు తమలో తాము అలాంటి గడువు పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

బండి దిగాక పెట్టె తెరిచి మళ్లీ ఫొటో తీయాలి. పెయింటు గీతలు చూడాలి, ప్రతి కనెక్టరునూ వేలితో నొక్కాలి, చక్రాలను చేత్తో ఒక చుట్టు తిప్పాలి, సెన్సరు దూరం స్కేలుతో కొలిచి ముందురోజు రాసుకున్న అంకెతో సరిచూడాలి. ఇవన్నీ అయ్యాకే బ్యాటరీ తగిలించాలి.