మట్టిగోడ నేర్పు పాఠము

నల్లగొండకు చేరువనున్న పానగల్‌లో ఛాయా సోమేశ్వరాలయమును దర్శించువారు అచ్చటి శిలల దార్ఢ్యమును కొనియాడుదురు. కాని పల్లెలలోని పాత మట్టిగోడలు సైతము ఒక శాస్త్రపాఠమును బోధింపగలవు. వట్టి మట్టితో పెట్టిన గోడ ఎండినకొలది బీటలువాఱును. అందుచే గోడ పెట్టువారు మట్టిలో గడ్డిపరకలు కలిపి, నీరు పోసి, కాళ్లతో బాగుగా త్రొక్కుదురు. మట్టి గడ్డిని పట్టియుంచును. గడ్డి బీటను ప్రాకనీయదు. ఇట్లు వేర్వేఱు గుణములుగల వస్తువులు కూడి, విడిగా దేనికిని లేని బలమును పొందినచో, దానిని సంయుక్త పదార్థమందురు.

నేటి విజ్ఞానులు ఈ సూత్రమునే ఎపాక్సీ విషయమున పాటించుచున్నారు. ఎపాక్సీ రెండు భాగములుగా లభించు జిగురు. ఆ రెంటిని కలిపినచో అది క్రమముగా గట్టిపడి, లోహములను సైతము అతికించును. విమానభాగముల నిర్మాణమునకును ఉపకరించును. కాని దానికి పెళుసుదనమను లోపము కలదు. ఒకచోట పుట్టిన సన్నని బీట అడ్డులేక సాగిపోవును.

ఆ బీటకు అడ్డువేయగల వస్తువులలో గ్రాఫీన్ ఆక్సైడు ఒకటి. పెన్సిలులోని గ్రాఫైటు కర్బనపు పొరల దొంతర. 2004లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమున గైమ్, నొవొసెలోవ్ అనువారు దానినుండి ఒక్క పరమాణువు మందముగల పొరను వేఱుచేసిరి. ఆ పొరయే గ్రాఫీన్. దానిపై చేసిన పరిశోధనకు వారు 2010లో నోబెలు బహుమానము పొందిరి. ఆ పొరకు ఆక్సిజను తోడైనచో గ్రాఫీన్ ఆక్సైడు అగును. దాని ఱేకు మందము సుమారు 1 నానోమీటరు. ఒక మిల్లీమీటరునకు 10 లక్షల నానోమీటర్లు.

ఐనను ఈ ఱేకులను ఊరక కలిపిన చాలదు. అవి ఒకదానినొకటి ఆకర్షించుకొని ఉండలు కట్టును. సరిగా త్రొక్కని మట్టిలో గడ్డిముద్ద యున్నచోట గోడ బలహీనమగునట్లు, ఆ ఉండ యున్నచోటనే బీట పుట్టవచ్చును. కావున ఱేకుల ఉపరితలమును ముందుగా సంస్కరింతురు. అనగా, నత్రజనిగల అమీనుల వంటి అణువులను వానికి తగిలింతురు. ఆ అణువు ఒక కొనతో ఱేకును, వేఱొక కొనతో ఎపాక్సీని పట్టుకొనును. అప్పుడు ఱేకులు విడివిడిగా వ్యాపించి, ఎపాక్సీతో రసాయనబంధముచే ముడివడును. సాగివచ్చు బీట ఱేకును తాకి వంకరత్రోవ పట్టును. త్రోవ పెరిగినకొలది దాని శక్తి వ్యయమగును. ఇందులకు నూటికి ఒక పాలుకంటె తక్కువ ఱేకులే తఱచుగా చాలును. అధికమైనచో మరల ఉండలు కట్టును.

తేలికదనమును దృఢత్వమును కూడిన పదార్థములవలన ప్రయోజనమేమి? 1989లో ప్రయోగింపబడిన అగ్ని క్షిపణికై హైదరాబాదులోని రక్షణ పరిశోధకులు అట్టి సంయుక్త పదార్థములను సిద్ధపఱచిరి. నిజాము వైద్యవిజ్ఞాన సంస్థకు చెందిన ఎముకల వైద్యులొకరు దానిని చూచి, బరువైన లోహపు ఊతములతో కాళ్లీడ్చుకొనుచు నడచు పిల్లలను అబ్దుల్ కలాముగారికి చూపిరి. 3 కిలోగ్రాములకు మించిన ఆ ఊతములకు మాఱుగా 300 గ్రాముల ఊతములను మూడు వారములలో తయారుచేసితిమని కలాముగారు చెప్పియున్నారు. అందు గ్రాఫీన్ లేదు, నాటికది వేఱుచేయబడనేలేదు. కాని బిడ్డ బరువును మోయు వస్తువు తేలికయైనంత చాలదు, నడిత్రోవలో విఱుగనురాదు. బీటను అరికట్టు పరిశోధనల విలువ ఇందుచే తెలియును.

ఎంత కలిపితిమన్నది కాదు, ఎంత చక్కగా కలిసినదన్నదియే బలమునకు మూలము. మట్టిని ఓపికతో త్రొక్కినవారు ఈ సంగతిని ఏనాడో ఎఱుగుదురు.