సిగ్నల్ దగ్గరే ఎందుకు ఆగిపోతుంది?

రోడ్డు మీద బాగానే పరుగెడుతుంది. ఎర్రలైటు దగ్గర ఆపామో లేదో స్టీరింగు వణుకుతుంది, సీటు కింద గడగడలాడుతుంది, ఆ తర్వాత ఠపీమని ఇంజను ఆగిపోతుంది. వెనకనుంచి హారన్లు సరేసరి, 'లేడీస్ డ్రైవింగు' అనే మాట ఒకటి అదనం. పాత కారున్న చాలా ఇళ్ళలో ఇదే భాగోతం.

షెడ్డుకి తీసికెళ్తే ఏం జరుగుతుందో మీకూ తెలిసే ఉంటుంది. కుర్రాడు బానెట్ ఎత్తి, ఓ స్క్రూని అర చుట్టు తిప్పుతాడు. ఇంజను జుయ్యిమంటుంది. "అయిపోయిందమ్మా, తీసికెళ్ళండి" అంటాడు. అది ఐడ్లింగ్ పెంచే స్క్రూ. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా మాత్ర వేయడంలాంటిది. నాలుగు రోజులు ఆగకుండా నడుస్తుంది, పెట్రోలు మాత్రం ఎక్కువ తాగుతుంది. ఇంకోరకం వాళ్ళు చూడగానే కార్బురేటరే మార్చాలంటారు. ఆ ఖర్చుకి తలూపే ముందు కాస్త ఆగండి.

అసలు ఆగినప్పుడే ఈ గొడవ ఎందుకు? గ్యాస్ పొయ్యి సంగతి చూడండి. మంట పెద్దగా ఉన్నప్పుడు బర్నర్‌లో రెండు చిల్లులు పూడినా, కిటికీలోంచి గాలి కొట్టినా తెలియదు. సిమ్‌లో పెట్టగానే రెపరెపలాడి ఆరిపోతుంది. ఇంజనూ అంతే. ఆక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే గాలి దారి దాదాపు మూసుకుపోతుంది. సన్నటి జెట్టులోంచి వచ్చే కాస్త పెట్రోలుతోనే నిమిషానికి 700 నుంచి 900 చుట్లు తిరగాలి. ఆ బెజ్జంలో నలక పడినా, ఎక్కడో రబ్బరు పైపు పగిలి దొంగగాలి లోపలికి పోయినా తట్టుకోలేదు. మారుతి 800 లాంటి కారులో ఉన్నవి మూడే సిలిండర్లు. ఒకటి మిస్సింగ్ కొట్టిందంటే మూడోవంతు బలం పోయినట్టే. అందుకే అంత వణుకు.

మెకానిక్ దగ్గరికి వెళ్ళేముందు ఓ వారం పాటు, పాల లెక్క రాసుకున్నట్టు, ఎప్పుడు ఆగిందో రాసుకోండి. సగం రోగం అక్కడే తెలుస్తుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఆగి, వేడెక్కాక బాగుంటే చోక్ వైపు చూడాలి. బాగా తిరిగి వేడెక్కాక ఆగిపోయి, పావుగంట చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్టయితే ఇగ్నిషన్ కాయిల్‌ని అనుమానించవచ్చు. ఎండాకాలంలో పెట్రోలు పైపులోనే ఆవిరవడం వల్లా ఇలా జరుగుతుంది. ఏసీ వేస్తేనే ఆగుతోందా? కంప్రెసర్ బరువు మోయడానికి ఐడ్లింగ్ కాస్త పెంచే ఏర్పాటు ఉంటుంది, అది పనిచేయడం లేదన్నమాట. వాన రోజుల్లోనే అయితే ప్లగ్గు వైర్లు చీలికలిచ్చాయేమో, డిస్ట్రిబ్యూటర్ మూతలో చెమ్మ చేరిందేమో చూడమనండి.

బ్రేకు తొక్కిన ప్రతిసారీ ఇంజను తడబడుతుంటే మాత్రం వారం ఆగొద్దు, ఆరోజే చూపించండి. సర్వో బ్రేకులున్న కారులో, మన పాదానికి సాయంచేసే శక్తి ఇంజను పీల్చుకునే గాలి నుంచే వస్తుంది. ఆ పైపుగానీ లోపలి పొరగానీ చిరిగితే ఐడ్లింగ్ చెడుతుంది, బ్రేకూ గట్టిపడుతుంది. నడుస్తూండగా ఇంజను ఆగిపోయినా ఒకటి రెండు తొక్కుళ్ళకి సరిపడా సాయం మిగిలి ఉంటుంది. కాబట్టి గాభరాపడి పదేపదే తొక్కకుండా, ఒకేసారి గట్టిగా అదిమిపట్టి పక్కకి తీసుకోండి. బండి ఆగేదాకా తాళంచెవి బయటికి లాగొద్దు, స్టీరింగు బిగుసుకుపోతుంది.

మనమే చూడదగ్గవీ కొన్ని ఉన్నాయి. గాజులు తీసేసి, కొంగు దోపుకుని, జడ ముడేసుకుని మరీ బానెట్ ఎత్తండి. లోహపు గాజు బ్యాటరీ టెర్మినల్స్‌కి అడ్డం పడితే చెయ్యి కాలుతుంది. కొన్ని కార్లలో ఇంజను ఆపినా రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతుంది. తలుపులేసిన షెడ్డులో ఇంజను నడపొద్దు, ఆ పొగ ప్రాణాంతకం. ఎయిర్ ఫిల్టర్ తీసి వెలుతురుకి పట్టి చూడండి. వెలుగు రాకపోతే మార్చాల్సిందే. ఇంజను తిరుగుతున్నప్పుడు, చెయ్యి పెట్టకుండా, 'స్స్...' అని ఎక్కడైనా వినిపిస్తుందేమో వినండి. దొంగగాలి చప్పుడు అలాగే ఉంటుంది.

ప్లగ్గులు మెకానిక్కే విప్పుతాడు, మీరు దగ్గరుండి మూడూ వరసగా పెట్టించి చూడండి. లేత గోధుమరంగు మంచిది. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువై గాలి చాలడం లేదు. నూనె జిడ్డు ఉంటే ఇంజన్ ఆయిల్ మండుతోంది, అది పెద్ద పని. మరీ తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైందని అనుమానం. ఒకటే తేడాగా ఉంటే జబ్బు ఆ సిలిండర్లోనే. ఫిల్టరు, ప్లగ్గులు, పైపులు చూశాక కూడా తగ్గకపోతే అప్పుడు కార్బురేటర్ విప్పి జెట్లు శుభ్రం చేయించాలి. మార్చడం ఆఖరి మాట.

ఇంజెక్షన్ కార్లలో కార్బురేటర్ ఉండదు. ఎక్కువగా థ్రాటిల్ బాడీలో మసి పేరుకోవడం వల్లే ఈ తంటా. ఇంజన్ లైటు వెలుగుతుంటే స్కానర్ పెట్టించి, ఏ కోడ్ వచ్చిందో రాసివ్వమనండి.

ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. దానికోసం తయారుకాని పాత కార్లలో రబ్బరు పైపులూ వాషర్లూ త్వరగా పాడవ్వచ్చు. పైగా ఇథనాల్ నీటిని పీలుస్తుంది. నెలల తరబడి కదలని కారు తీయగానే మొరాయిస్తే ముందు ట్యాంకులోని పాత పెట్రోలునే అనుమానించండి.

పొల్యూషన్ చీటీని డాష్‌బోర్డులో పడేసి ఊరుకుంటాం గానీ, రక్తపరీక్ష రిపోర్టులా అదీ చదవదగ్గదే. పెట్రోలు బండిని ఐడ్లింగ్‌లో పెట్టే పరీక్షిస్తారు. కార్బన్ మోనాక్సైడ్ అంకె పెరిగితే పెట్రోలు ఎక్కువ పోతోందని, హైడ్రోకార్బన్ల అంకె బాగా పెరిగితే ఎక్కడో పెట్రోలు కాలకుండానే బయటికొస్తోందని అనుకోవచ్చు. షెడ్డుకి వెళ్ళేటప్పుడు మీ వారం లెక్కతోపాటు ఆ చీటీ కూడా పట్టుకెళ్ళండి, పని అయ్యాక మార్చిన పాత సామాన్లు అడిగి తెచ్చుకోండి.