హెడ్‌సెట్ల మూడో మనిషి

డిగ్రీ అయిపోంగనే మన ఊర్లకెల్లి శానమంది హైదరాబాద్ కాల్ సెంటర్లకు పోతున్నరు. పండుగకు ఇంటికొస్తె నన్ను అడిగే ముచ్చట ఒకటుంది. "అన్నా, కస్టమర్‌తోని మాట్లాడుతుంటె మా టీమ్ లీడర్ నడిమిట్ల ఎట్ల జొర్రుతడు? ఫోన్ ట్యాప్ చేస్తున్నడా?"

ట్యాపింగ్ అనంగనే మన దగ్గర అందరి చెవులు నిలబడ్తయ్. గని ఇది వేరే.

పాత ల్యాండ్‌ఫోన్ యాది చేసుకోండ్రి. ఒకటే లైనుకు ముందటర్రల ఒక ఫోను, ఎనుకర్రల ఇంకో ఫోను ఉంటె, ఒకలు మాట్లాడంగ ఇంకొకలు రిసీవర్ ఎత్తి వినేటోళ్లు. ఎత్తంగనే గొంతు సన్నవడేది, దొంగ దొరికేటోడు. ఇప్పటి ఆఫీసు ఫోన్ల ఆ గుర్తు ఉండదు. మీ గొంతు సక్కగ కస్టమర్ కాడికి పోదు, ముందుగాల కంపెనీ సర్వర్‌కు పోతది. దాన్నే పీబీఎక్స్ అంటరు. మీ దిక్కు ఒక లైను, కస్టమర్ దిక్కు ఒక లైను, రెండు కలిపేది ఆ సర్వర్. మూడోది కలుపుడు దానికి చిటికెల పని, గొంతు ఏం తగ్గది.

జొర్రుట్ల మూడు తీర్లున్నయి. ఉత్తగ వినుడు ఒకటి. మీ చెవుల మాత్రమే చెప్పుడు ఇంకోటి, దాన్ని విస్పర్ అంటరు, కస్టమర్‌కు వినవడదు. ముగ్గురు కలిసి మాట్లాడుడు బార్జ్. 1999ల మొదలైన ఆస్టరిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ల దీనికి చాన్‌స్పై అని పేరు. స్పై అంటే గూఢచారి, పేరు పెట్టినోళ్లు ఏం దాసుకోలె! దాన్ని తగ్గట్టు సెట్ చేస్తె 4 నొక్కి వినొచ్చు, 5 నొక్కి చెవుల చెప్పొచ్చు, 6 నొక్కి లోపటికి రావొచ్చు. సిస్కో ఫోన్లల్లనైతె ఒకే నంబరు పంచుకునేటోళ్లు బార్జ్ మీటతోని కలవొచ్చు. అప్పుడు టోన్ మోగాల్నా వద్దా అన్నది సిస్టం నడిపేటోళ్ల చేతుల ఉంటది.

నేను దీన్ని మొత్తానికే వద్దంట లేను. కస్టమర్ బూతులు తిడుతుంటె లీడర్ 6 నొక్కి "నేను మాట్లాడ్త" అంటె ఆ పిల్లకు అండ. అవే బూతులు ఉత్తగ వినుకుంట కూసొని, ఆఖరుకు "నీ గొంతుల నవ్వు లేదు" అని మార్కులు కోస్తె దాన్ని ట్రైనింగ్ అని ఎట్లంటం?

సట్టం సంగతి కొస్తె, 1996ల పీయూసీఎల్ కేసుల సుప్రీంకోర్టు ఫోన్ మాటలు గోప్యత హక్కు కిందికే వస్తయన్నది. గని అది సర్కారు ట్యాపింగ్ మీద తీర్పు. 2023 డేటా రక్షణ చట్టమేమో ఉద్యోగం అవసరాలకైతె సమ్మతి లేకుండనే ఉద్యోగి డేటా వాడుకోనీకి యజమానికి సందు ఇడిసిపెట్టింది. "ఈ కాల్ రికార్డు కావొచ్చు" అని కస్టమర్‌కు ప్రతిసారి చెప్తరు. మనకు మాత్రం అపాయింట్‌మెంట్ కాయితంల ఏ మూలనో ఇంగ్లీషుల రాసి సంతకం పెట్టిచ్చుకుంటరు.

అందుకే సంతకం పెట్టకముందే ఆ కాయితం సదవండ్రి. ఎవలెవలు వినొచ్చు, విన్నప్పుడు టోన్ వస్తదా, రికార్డులు ఎన్ని దినాలు ఉంచుతరు అని హెచ్ఆర్‌ను ఈమెయిల్‌లనే అడుగుండ్రి, నోటి మాట వద్దు. ఇంకోటి, హోల్డ్ వేరే, మ్యూట్ వేరే. హోల్డ్ల పెడితె కస్టమర్‌కు పాట వినిపిస్తది, గని కొన్ని సిస్టంలల్ల మీ మాట రికార్డు అయితనే ఉంటది. పక్క సీటోనితోని లీడర్ గురించి ముచ్చట పెట్టేది ఉంటె హెడ్‌సెట్ తీసి పెట్టి, బయటికి పోయి మాట్లాడుకోండ్రి.