అందం కోసం చేసినా గాయం గాయమే

కొన్నేళ్ళ క్రితం ముదగల్‌లోని నా మతబ్‌కు ఒక తల్లి ఫోన్ చేసింది. కాన్పుల తర్వాత వదులై వేలాడుతున్న పొట్టను ఆమె కూతురు పట్నంలో ఆపరేషన్ చేయించుకుని బిగింపజేసుకుంది. ఇంటికి వచ్చి మూడు వారాలైంది. ‘‘హకీం సాబ్, పిల్లకు పొట్టంతా పట్టేసినట్టు ఉంటోందట. ఉప్పు మూటతో కాపడం పెట్టమంటారా?’’ అని అడిగింది. ‘‘పెట్టండమ్మా, మెల్లగా’’ అన్నాను. మరునాటికి ఆ అమ్మాయి పొట్టమీద అరచేయంత మేర బొబ్బలు లేచాయి. చర్మం కాలుతున్న సంగతి ఆమెకు తెలియనే లేదు.

తప్పు నాదే. ఇలాంటి ఆపరేషన్‌లో చర్మాన్ని కింది నుంచి లేపుతారు. అప్పుడు సన్నని నరాలు తెగుతాయి. ఆ చోట స్పర్శ తిరిగి రావడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి పూర్తిగా రాదు కూడా. ‘‘అక్కడ తాకితే తెలుస్తోందా?’’ అన్న ఒక్క మాట నేను అడగలేదు. వేడి నీళ్ళ సంచీ అయినా, ఐసు ముక్క అయినా మొద్దుబారిన చర్మానికి శత్రువే. ఆనాటి నుంచి ఈ ఆపరేషన్ల తర్వాత ఇంట్లో తీసుకోవలసిన జాగ్రత్తల గురించి ప్రత్యేకంగా తెలుసుకుంటున్నాను. తెలిసింది మీకూ చెబుతున్నాను.

దాచిపెట్టడమే మొదటి జబ్బు

అందాన్ని సరిచేసే శస్త్రచికిత్స మనకు కొత్తేమీ కాదు. వెయ్యేళ్ళ క్రితం కుర్తుబాలో జీవించిన అబుల్ ఖాసిం జహ్రావీ తన ‘కితాబుత్తస్రీఫ్’ ముప్ఫయ్యో భాగంలో కనురెప్పల చికిత్స గురించి, మగవారికి రొమ్ము పెరిగితే కోసి కుట్టే పద్ధతి గురించి రాశారు. నేడు కాలిన మచ్చలకు, గ్రహణపు పెదవికి, వంకర ముక్కుకు, బట్టతలకు, కొవ్వుకు చికిత్సలు జరుగుతున్నాయి. ఏది జాయిజ్, ఏది కాదు అన్నది ఆలిములను అడగండి. చేయించుకున్నాక ఇంట్లో ఎలా ఉండాలన్నదే ఈ వ్యాసం.

మన ఇళ్ళలో ఈ ఆపరేషన్లను బంధువులకు తెలియనివ్వరు. పెళ్ళికావలసిన పిల్ల అయితే మరీ. తలుపు వేసుకుని గదిలో ఉంటుంది. జ్వరం వచ్చినా చెప్పదు, ‘‘అందం కోసం పోయావు కదా, అనుభవించు’’ అంటారేమోనని భయం. నలుగురికీ చాటనక్కరలేదు. కానీ ఇంట్లో కనీసం ఇద్దరికి మొత్తం తెలిసి ఉండాలి. డాక్టరు ఫోన్ నంబరు వారి దగ్గర ఉండాలి.

ఆరు అవసరాలు

గాయాన్ని మాన్పేది శరీరంలోని తబీయత్ అనీ, హకీం దానికి సేవకుడు మాత్రమే అనీ యునానీ వైద్యం చెబుతుంది. ఆ తబీయత్‌కు తోడ్పడేవి ‘అస్బాబె సిత్తా జరూరియా’, అంటే ఆరు తప్పనిసరి అవసరాలు.

1. గాలి: గదిలోకి గాలి, వెలుతురు రావాలి. ఊదు, అగరుబత్తి పొగ వద్దు. బీడీ, సిగరెట్, గుట్కా అసలే వద్దు. నికోటిన్ సన్నని రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది. రక్తం అందని చర్మం నల్లబడి చచ్చిపోతుంది. ఆపరేషన్‌కు ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు మానడం అతి తక్కువ. ఇంట్లో ఇతరులు తాగే పొగ కూడా చేటే.

2. ఆహార పానీయాలు: గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. గుడ్లు, పప్పు, పెరుగు, చేపలు, కోడి యఖ్నీ మంచివి. జామ, ఉసిరి, నిమ్మ కూడా తీసుకోవాలి. వాపు తగ్గేదాకా ఊరగాయ, అప్పడం, ఉప్పు తగ్గించండి. షుగర్ ఉన్నవారికి అది అదుపులో లేకపోతే గాయం మానదు.

3. శరీరపు కదలిక, విశ్రాంతి: పది రోజులు మంచం దిగనివ్వకపోవడం ప్రేమ కాదు. కదలని కాళ్ళలో రక్తం గడ్డకడుతుంది. డాక్టరు లేవమన్న రోజు నుంచే గదిలో నాలుగడుగులు వేయించండి. బరువులు మాత్రం ఎత్తనివ్వద్దు. బెంగళూరు, హైదరాబాద్‌లలో ఆపరేషన్ చేయించుకుని ఆ వెంటనే రాత్రి బస్సులో ఇంటికి రావడం కూడా ప్రమాదమే. మొదటిసారి చూపించుకునే దాకా ఆ ఊళ్ళోనే ఉండండి.

ముక్కు, కనురెప్పల ఆపరేషన్ తర్వాత సజ్దాలో తల వంచితే ముఖానికి రక్తపు ఒత్తిడి పెరుగుతుంది. డాక్టరు వద్దన్నన్నాళ్ళు కూర్చుని సైగతో నమాజ్ చేసుకోవచ్చు. కట్టు తడపకూడనప్పుడు మసహ్, తయమ్ముమ్ వంటి సౌలభ్యాలు ఉన్నాయి. వివరం మీ మౌలానా గారిని అడగండి.

4. మనసు: రెండో, మూడో రోజున వాపు ఎక్కువవుతుంది. అద్దంలో చూసుకుంటే ఉన్న ముఖం కూడా పోయిందనిపిస్తుంది. చాలావరకు వాపు రెండు మూడు వారాలలో దిగుతుంది, ముక్కు పూర్తి రూపానికి రావడానికి ఏడాది పడుతుంది. ఆ రోజుల్లో ఏడుపు రావడం సహజం. ‘‘ఇదేనా ఫలితం?’’ అని ఎవరూ అనకండి. ఏడుపు, నిద్రలేమి రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుకు చెప్పాలి.

5. నిద్ర, మెలకువ: ముఖానికి ఆపరేషన్ అయితే రెండు మూడు దిండ్లు పెట్టుకుని, తల ఎత్తుగా ఉంచి వెల్లకిలా పడుకోవాలి. పరామర్శలు తగ్గించి నిద్రపోనివ్వండి.

6. విసర్జన: నొప్పి మాత్రలలో కొన్ని మలబద్ధకం తెస్తాయి. ముక్కితే కుట్లమీద ఒత్తిడి పడుతుంది. నీళ్ళు బాగా తాగుతూ మునక్కా, అంజీర్ తినండి. డాక్టరుకు చెప్పి, నిండు గ్లాసు నీళ్ళతో ఇసబ్‌గోల్ కూడా తీసుకోవచ్చు. గాయం నుంచి ద్రవం పోవడానికి గొట్టం పెట్టి ఉంటే రోజుకు ఎంత వచ్చిందో రాసి ఉంచండి.

మా మందుల సంగతి

కుట్లు ఉన్న గాయంపై పసుపు, తేనె, మర్హం, నూనె ఏదీ రాయకండి. హకీంగా నేనే చెబుతున్నాను. వెల్లుల్లి, అల్లం, పసుపు గుళికలు, కలోంజి నూనె, చేపనూనె మందులా తీసుకునేవారు ఆ మాట ఆపరేషన్‌కు ముందే డాక్టరుకు చెప్పాలి. వీటిలో కొన్ని రక్తస్రావాన్ని పెంచవచ్చు. కూరలో వేసే అల్లం వెల్లుల్లికి భయం లేదు. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ మాత్రలు డాక్టరు చెప్పకుండా వేసుకోవద్దు.

కుట్లు విప్పగానే గాయం గట్టిపడిందనుకోకండి. మానిన చోటు ఎన్నాళ్ళకైనా పూర్వపు బలంలో నూటికి 80 పాళ్ళను మించదు. మచ్చ తన తుది రూపానికి రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. అప్పటిదాకా మన రాయచూరు ఎండ తగలకుండా కప్పి ఉంచాలి. లేకపోతే మచ్చ నల్లబడుతుంది.

ఆలస్యం చేయకూడని గుర్తులు

మన తెలుగువారంతా ఎరిగిన నటి ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలోని న్యూజెర్సీలో 31 ఏళ్ళకే మరణించారు. అంతకు కొన్ని వారాల ముందు కొవ్వు తీసే ఆపరేషన్ చేయించుకున్నారనీ, శ్వాస ఇబ్బంది పడ్డారనీ పత్రికలు రాశాయి. కారణం ఏదని చెప్పడం నా పని కాదు. కానీ ఇంటికి చేరగానే గండం గడిచిందనుకోకూడదని మనం గుర్తుంచుకోవాలి.

ఆయాసం, ఛాతీ నొప్పి, పిక్కలో నొప్పితో వాపు, ఒక్క వైపే హఠాత్తుగా పెరిగే వాపు, ఆగని రక్తం, చూపు తగ్గడం - వీటిలో ఏది కనిపించినా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్ళాలి. జ్వరం, చీము, దుర్వాసన, పాకుతున్న ఎరుపు ఉంటే ఆ రోజే చూపించాలి. రాత్రయితే 108కి ఫోన్ చేయండి. ఆపరేషన్ కాగితాలు వెంట తీసుకెళ్ళండి. తెల్లవారనివ్వమనీ, బంధువులకు తెలుస్తుందనీ ఆగకండి.

ఆ అమ్మాయి పొట్ట మీది బొబ్బలు మానాయి, మచ్చ మాత్రం ఉండిపోయింది. ఇప్పుడు ఎవరైనా కాపడం గురించి ఫోన్ చేస్తే ముందు ఆ ఒక్క ప్రశ్న అడుగుతున్నాను. మీరూ అడగండి. అల్లాహ్ అందరికీ షిఫా ప్రసాదించుగాక.