నాయిన జీపు బండి మళ్లీ మార్కెట్‌కి: బ్రేకులు ముందు, రంగు ఆఖర్న



పోయినసారి జీవామృతం వీడియోలో నా వెనకాల ఒక పాత పికప్ కనపడింది కదా, దాని గురించి చాలామంది ఫోన్ చేసి అడిగారు. "అన్నా, ఆ బండి నీదేనా? ఇంట్లోనే బాగు చేసుకున్నవా? మా ఇంటి వెనక కూడా ఒకటి తుప్పు పడుతోంది, చేయిద్దామా, పాత ఇనుముకి అమ్మేద్దామా?" అని. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నా. పని ఎలా చేశామో వీడియోలో ఉంది. వీడియోలో చెప్పలేకపోయిన తప్పులు, లెక్కలు ఇక్కడ ఉన్నాయి.

ఇది మా నాయిన 1987లో కొన్న మహీంద్రా జీపు పికప్. మా ఇల్లు దిల్‌సుఖ్‌నగర్‌కీ ఎల్.బి.నగర్‌కీ మధ్య, కొత్తపేటలో. భూమి యాచారం వైపు. అప్పట్లో నాయిన మామిడి, బత్తాయి వేసుకుని తెల్లారకముందే గడ్డిఅన్నారం మార్కెట్‌లో దింపి, పొద్దెక్కేసరికి ఇంటికొచ్చేవాడు. మార్కెట్ మా గల్లీకి అంత దగ్గర. ఇప్పుడా పండ్ల మార్కెట్ హయత్‌నగర్ దాటి బాటసింగారం పోయింది. నేను కూరగాయలు రైతు బజార్‌కీ, తెలిసిన అపార్ట్‌మెంట్లకీ తెస్తాను. వారానికి రెండు మూడు ట్రిప్పులు. కిరాయి ఆటో పెడితే ఆకుకూరల మీద వచ్చేది ఆటోకే సరిపోతోంది. అందుకే నాయిన బండి మీద పడ్డాను.

నేను చేసిన మొదటి తప్పు

ఆరేళ్లు షెడ్డులో నిలబడిన బండి. స్టార్ట్ అయింది. నాకు ఎక్కడలేని సంతోషం. ముందు రంగు వేయించాను, సీట్లు కుట్టించాను, ఫొటోలు దిగాం. బ్రేకు "కొంచెం మెత్తగా ఉంది" అనిపించింది కానీ పట్టించుకోలేదు. ఒకరోజు చిన్నోణ్ని పక్కన కూర్చోబెట్టుకుని వనస్థలిపురం వైపు పోతుంటే, చింతల్‌కుంట దగ్గర పెడల్ ఒక్కసారిగా నేలకి అంటుకుపోయింది. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి, పక్కకి తీసి ఎలాగో ఆపాను. ముందున్న బస్సుకీ మాకూ మధ్య రెండు మూరల దూరం ఉంది. చిన్నోడు ఏం మాట్లాడలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

తప్పు బండిది కాదు, నాది. బండిని లాగించుకుని ఆటోనగర్ తీసుకుపోతే జీపు మేస్త్రీ డ్రమ్ములు విప్పి చూపించాడు. వెనక వీల్ సిలిండర్ల రబ్బర్లు ఎండిపోయి ఆయిలు మొత్తం కారిపోయింది. "అన్నా, ముందు ఆగేటట్టు చెయ్యి. తర్వాత నడిచేటట్టు చెయ్యి. రంగు ఆఖర్న వేస్తువు గానీ" అన్నాడు. ఆ మాట ప్రకారమే మళ్లీ మొదటినుంచి చేశాను.

మొదట చాసిస్ చూడండి

ఒక సుత్తి, పాత స్క్రూడ్రైవర్ తీసుకుని బండి కిందికి దూరండి. జాకీ మీద మాత్రమే నిలబెట్టి కిందికి పోవద్దు. ఇటుకలు అసలే వద్దు, అవి పగులుతాయి. ఇనుప స్టాండ్లు పెట్టండి. కమాన్లు చాసిస్‌కి తగిలే చోట్లు, క్యాబిన్ మౌంటింగులు, వెనక తొట్టి కింది అడ్డపట్టీలు సుత్తితో తట్టండి. ఖంగుమంటే ఇనుము బతికుంది. చప్పబడ్డ శబ్దం వచ్చినా, స్క్రూడ్రైవర్ లోపలికి దిగినా అక్కడ తుప్పు తినేసింది. బాడీ రేకు పోతే మార్చుకోవచ్చు. కమాన్ల దగ్గర చాసిస్సే పోయుంటే ఆ బండి మీద డబ్బు పెట్టొద్దు. ఈ ఒక్క పరీక్ష మీ డబ్బు మిగిలిస్తుంది.

మా బండికి చాసిస్ గట్టిగానే ఉంది. వెనక తొట్టి నేల మాత్రం జల్లెడ అయింది. ఎందుకో మేస్త్రీకి అర్థం కాలేదు, నాకు అర్థమైంది. నేను కొన్నేళ్లు ఇదే తొట్టిలో ఆవు మూత్రం క్యాన్లు, జీవామృతం డ్రమ్ములు మోశాను. మూత్రంలో ఉప్పులుంటాయి, నిలవ ఉంటే అమ్మోనియా వస్తుంది. ఒలికింది మూలల్లో నిలబడి రేకుని తినేసింది. భూమికి అమృతమే, ఇనుముకి మాత్రం విషం. మన రైతుల బండ్లన్నిటికీ ఈ జబ్బు ఉంటుంది, ఒకసారి కిందికి వంగి చూసుకోండి.

బ్రేకులు

ఈ జీపులో నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. మాస్టర్ సిలిండర్, నాలుగు చక్రాల వీల్ సిలిండర్లు, రబ్బరు హోస్ పైపులు అన్నీ ఒకేసారి మార్చాను. ఒకటి మార్చి ఒకటి వదిలేస్తే కొత్తదాని ఒత్తిడికి పాతది కారుతుంది. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. కాబట్టి ఆ దుమ్ముని నోటితో గానీ గాలి పైపుతో గానీ ఊదొద్దు. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయండి.

కొత్త బ్రేక్ ఆయిల్ పోశాక గాలి తీయాలి. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రావాలి. డ్రైవరు కుడివైపు కూర్చునే మన బండికి వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. ఒకరు పెడల్ తొక్కాలి, ఒకరు నిప్పిల్ వదులు చేయాలి. మా ఇంట్లో తొక్కింది చిన్నోడే. పెడల్ రాయిలా గట్టిపడ్డాక వాడి ముఖం చూడాలి!

ఇంజన్

మా బండిలో ఉన్నది ప్యూజో ఎక్స్‌డీపీ డీజిల్ ఇంజన్, నాలుగు సిలిండర్లు, 2112 సీసీ. కంప్యూటర్లు, సెన్సార్లు ఏవీ లేవు. పానాలు తెలిసిన మనిషి ఇంటి ముందు నిలబడి చేసుకోగలడు.

ఏళ్లు నిలబడిన ఇంజన్‌ని వెంటనే సెల్ఫ్ కొట్టొద్దు. బ్యాటరీ నెగటివ్ విప్పండి. ట్యాంకులో పాత డీజిల్ మొత్తం తీసేయండి, అడుగున నీళ్లు, జిగురు ఉంటాయి. ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, కూలెంట్ హోసులు, ఫ్యాన్ బెల్టు మార్చండి. చేత్తో ఇంజన్ రెండు చుట్లు తిప్పి, స్వేచ్ఛగా తిరుగుతోందని చూసుకున్నాకే డీజిల్ లైనులో గాలి తీసి స్టార్ట్ చేయండి. చలికాలం పొద్దున మొండికేస్తే ముందు హీటర్ ప్లగ్గులు చూడండి.

పంపు, ఇంజెక్టర్లు మాత్రం ఇంట్లో విప్పకండి. విప్పి పంపు షాపులో ఇచ్చి బెంచి మీద చెక్ చేయించండి. నల్లపొగకి ఎక్కువసార్లు కారణం అక్కడే ఉంటుంది.

మార్పులు: పంటకి ఏం కావాలో అంతవరకే

తొట్టి నేల కోసి కొత్త మందపు రేకు వెల్డింగ్ చేయించాం. వెల్డింగ్‌కి ముందు డీజిల్ ట్యాంకు దించేశాం, బ్యాటరీ విప్పేశాం. తుప్పు చిల్లుల మీద పుట్టీ పూసి రంగేస్తే ఒక వానాకాలానికే ఊడిపోతుంది. వైరు బ్రష్‌తో గీకి, తుప్పు పోయే మందు రాసి, ప్రైమర్ కొట్టి, తర్వాతే రంగు. మూలల్లో నీళ్లు దిగడానికి కావాలనే నాలుగు చిల్లులు పెట్టించాను. పైన రబ్బరు షీటు పరిచాను. ప్రతి ట్రిప్పు తర్వాత షీటు లేపి కడుగుతాం.

క్రేట్లు జరగకుండా రెండు పక్కలా బోల్టులతో విప్పగలిగే పట్టీలు, పైన వంచిన పైపుల మీద గ్రీన్ నెట్, దాని మీద టార్పాలిన్ వేశాం. తోటకూర, పాలకూర మీద తడి గోనె పట్టా కప్పి, మధ్యలో గాలి ఆడేలా వదులుతాను. ఇంతే మార్పు.

డ్రమ్ముల లెక్క మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. 200 లీటర్ల జీవామృతం అంటే 200 కిలోలు. ఐదు డ్రమ్ములైతే టన్ను. మీ ఆర్‌సీలో లాడెన్ వెయిట్ నుంచి అన్‌లాడెన్ వెయిట్ తీసేయండి, మిగిలిందే మీరు మోయగలిగింది. అందులోనే మనుషులు కూడా లెక్క. సగం నిండిన డ్రమ్ము మూలమలుపులో అటూ ఇటూ ఊగి బండిని లాగేస్తుంది. కాబట్టి తక్కువ డ్రమ్ములు పెట్టండి, పెట్టినవి నిండుగా పెట్టి బెల్టుతో కట్టండి. జీవామృతం పులుస్తూ గ్యాసు వదులుతుంది, మూత బిగిస్తే డ్రమ్ము ఉబ్బుతుంది. మూతకి చిన్న రంధ్రం ఉండాలి.

కాగితాలు

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. చాసిస్ పొడవు పెంచడం, వేరే ఇంజన్ ఎక్కించడం లాంటివి ఆర్టీవోని అడగకుండా చేయొద్దు. ఇంజన్ మారితే ఆర్‌సీలో ఎక్కాలి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ దగ్గర ఇరుక్కుంటారు.

సరుకు బండికి మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన బండ్ల ఫీజులు బాగా పెరిగాయి, అది కూడా ఖర్చులో రాసుకోండి.

కొందరు "వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు కదా" అంటున్నారు. 2021లో వచ్చిన ఆ నిబంధన 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న సొంత బండ్లకి. రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు. దాంతో వ్యాపారం చేయకూడదు. కూరగాయలు మోసే మనకి అది పనికిరాదు.

ఏ పాత బండి తీసుకోవాలి?

కొనాలనుకునే వాళ్లకి ఒక మాట. 1980లలో మన జహీరాబాద్‌లోనే అల్విన్ నిస్సాన్ బండ్లు తయారయ్యాయి. 1989లో ఆ కంపెనీ మహీంద్రా చేతికి పోయింది. మన గడ్డ మీద పుట్టిన బండి అని మనసు లాగుతుంది. కానీ బేరం కంటే ముందు ఆటోనగర్, రాణిగంజ్ తిరిగి దాని బ్రేక్ సామాను, క్లచ్ ప్లేటు, గ్యాస్కెట్లు దొరుకుతాయో లేదో అడగండి. దొరక్కపోతే ఎంత మంచి బండైనా షెడ్డులో బొమ్మే.

ఆఖరిగా ఒక ప్రశ్న

ఒక అక్క సూటిగా అడిగింది: "ప్రకృతి వ్యవసాయం అంటావు, పొగ బండి నడుపుతావు. ఇదేం న్యాయం?" అడగాల్సిన ప్రశ్నే. 2020 ఏప్రిల్ నుంచి దేశంలో బీఎస్-6 బండ్లే అమ్ముతున్నారు. వాటితో పోలిస్తే నా బండి పొగ ఎక్కువే, దాచను. నేను చేసుకున్న ఏర్పాటు ఇది: ఖాళీగా ఒక్క ట్రిప్పు కూడా వేయను. పక్క పొలాల ముగ్గురి సరుకు కలిపి తెస్తాను. పొల్యూషన్ పరీక్షలో పాసయినంత కాలమే నడుపుతాను. ఫెయిలై, పంపు బాగుచేసినా తగ్గకపోతే ఆపేస్తాను. రోజూ అరవై డెబ్బై కిలోమీటర్లు తిరగాల్సిన వాళ్లకి నా సలహా కూడా అదే, పాతది వద్దు, కొత్త చిన్న బండి చూసుకోండి. వారానికి రెండు మూడు ట్రిప్పులు, గట్టి చాసిస్, దొరికే సామాను ఈ మూడూ ఉంటేనే పాతదాన్ని లేపండి.

మొన్న బత్తాయి వేసుకుని బాటసింగారం పోయొచ్చాం. చింతల్‌కుంట దగ్గరికి రాగానే చిన్నోడు డ్యాష్‌బోర్డు పట్టుకున్నాడు. నేను బ్రేకు నొక్కాను. బండి ఆగింది. వాడు చెయ్యి తీసేశాడు.

మీ బండి కిందికి ఒకసారి దూరి చూసి, ఫొటో తీసి పంపండి. ఎక్కడ తట్టాలో, ఏది మార్చాలో నాకు తెలిసినంత చెప్తాను.